సరిపడిన ఉప్పు

“దీని చేతి ఉప్పే నా కొడుక్కు బీపీ తెచ్చింది డాక్టరప్పా! ఏం వచ్చింది, చెప్పు” అంది రామలక్ష్మమ్మ, కోడలు వినూతను చూపిస్తూ. కొడుకుదీ, కోడలిదీ, తనదీ, ముగ్గురి రక్తమూ పరీక్ష చేయాల్సిందేనని పోయిన వారం పట్టుబట్టింది కూడా ఆమే.

డాక్టరు మూడు రిపోర్టులూ పక్కపక్కన పెట్టాడు.

“ముగ్గురూ తినేది ఒకే వంట కదమ్మా?”

“ఇది చేసిందే తింటాండాం, ఖర్మ!”

“ఆ ఉప్పు మీ కోడల్ని ఏమీ చేయలేదు. కొందరి ఒంట్లో మాత్రం ఉప్పు నిలిచిపోయి బీపీ పెరుగుతాది. అది పుట్టుకతో వచ్చే గుణం. మీ అబ్బాయికి ఉండాది.”

“అయితే వాళ్ల నాయన పోలిక!”

“మీ పోలికేనమ్మా. మీ రక్తంలోనూ ఉండాది. మీ బీపీ ఈ పొద్దు నూట ఎనభై.”

బస్సులో తమ ఊరు కురుగోడు చేరారు.

డాక్టరు చెప్పినట్టే వినూత చిటికెడు ఉప్పైనా వేయకుండా పప్పు చేసి వడ్డించింది. ఏడేళ్లుగా వింటున్న ‘ఉప్పెక్కువైంది’ కోసం అలవాటుగా పక్కనే నిలబడింది.

రామలక్ష్మమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

“ఈ పొద్దు ఉప్పు సరిగ్గా పడిందమ్మీ” అంది.