ఇరవయ్యో రోజు బర్గర్

“ఏమన్న అనక్కా, మా ఆయనకు నీ బర్గర్ పడకపోతే బొగ్గుబాయిల చెయ్యి లేస్తలేదట!”

స్టవ్ మీద పెనం పెట్టుకుని మల్లక్క నవ్వుతూ అన్న మాట అది. జొన్నరవ్వ అడగడానికి పక్క క్వార్టర్ నుంచి వచ్చిన సుగుణమణి గుమ్మంలోనే ఆగిపోయింది.

“నా బర్గర్ మీ గట్టయ్య తినుడేంది?”

మల్లక్క నాలుక కరుచుకుంది. మాట మార్చాలని చూసింది గానీ సుగుణమణి వదిలే మనిషి కాదు.

“నువ్వు చెప్తవా, మీ ఆయన్నే అడగమంటవా?”

“గుస్సా చెయ్యకక్కా. బాయిల అందరు ఒక్కకాడ కూసోని సద్దులు ఇప్పుతరు గద. మీ ఆయన, యోనా బావ, తన డబ్బ మా ఆయన ముంగట పెట్టి, మా ఆయనది గుంజుకుంటడట. మా ఆయన డబ్బల ఖీమా టిక్కీలుంటయని... పది రోజుల సంది గిదే నడుస్తున్నదట.”

సుగుణమణి గుమ్మంలోనే కూలబడింది.

ఇరవై ఒక్క రోజుల ఉపవాసంలో అది ఇరవయ్యో రోజు. కూతురు సుజితకి రెండు కాన్పులు నిలవలేదు. మూడోదైనా నిలవాలని సుగుణమణి, యోనా గోదావరిఖని చర్చిలో పక్కపక్కన మోకరించి మొక్కుకున్నారు. మాంసం, గుడ్డు సంగతి సరే, పాల చుక్క కూడా నోట పడనివ్వమని, గింజలూ కూరగాయలతోనే గడుపుతామని మొక్కు. ఎల్లుండి సుజిత మంచిర్యాల దవాఖానలో చేరాలి.

నాలుగు రోజులకే యోనాకి జొన్నరవ్వతో వండే గట్క మొహం మొత్తింది. అప్పుడు సుజిత ఫోన్‌లో ఒక బర్గర్ వీడియో పంపితే సుగుణమణి దాంతో కుస్తీ పట్టింది. బొబ్బర్లు ఉడకబెట్టి మెదిపి, జొన్నగట్క, ఉల్లిగడ్డ కలిపి, ముద్ద విడిపోకుండా నానబెట్టిన అవిసె గింజల పొడి వేసి పెనం మీద కాల్చింది. అంగడి బన్నులో పాలపొడి ఉంటుందని దాన్ని ఇంట్లోకే రానివ్వలేదు, జొన్నరొట్టెలే చిన్నగా మందంగా చేసి మధ్యలో పెట్టింది. డబ్బా రోజూ కడిగినట్టు ఖాళీగా తిరిగొస్తుంటే మురిసిపోయింది కూడా. ఎంత పిచ్చిది!

“ఎవరి కోసం మొక్కిన చెల్లే? ఆయన బిడ్డ కోసమే గద!” గుమ్మం మీద అరచేత్తో చరిచింది. “తాగొచ్చిన నాడు ఊకున్న. చెయ్యెత్తిన నాడు సుత ఊకున్న. గిప్పుడు దేవునికే అబద్ధం చెప్పిండు. దినాం నా పక్కన మోకాళ్ల మీద కూసోని ఆమెన్ అన్నడు! నోట్ల మటన్ పెట్టుకోని ఆమెన్ అన్నడు!”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మల్లక్క స్టవ్ తగ్గించి వచ్చి పక్కన కూర్చుంది. వీధి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“ఏడ్వకక్కా. ఒక ముచ్చట చెప్త, మా ఆయన చెవిల మాత్రం పడనియ్యకు. డాక్టరు ఆయనకు మటన్ బంద్ చెయ్యమన్నడు. చెప్తే ఇంటడా? అందుకే నువ్వు నేర్పిన బొబ్బర్ల ముద్దకే మసాల దట్టించి ఖీమా అని పెడుతున్న. ఈ ఇంట్లకు మటన్ రాక నెల దాటింది. యోనా బావ తిన్నది సుత నీ బర్గరే, కాకపోతే నా చేతిది!”

“నిజంగనా?”

“నువ్వే చూడు.”

మల్లక్క పెనం మీది నుంచి ఒకటి తీసి పళ్లెంలో పెట్టింది. సుగుణమణి ముందు వాసన చూసింది. మధ్యకి విరిచి వెలుతురులో పెట్టి చూసింది. బొబ్బర్ల పొట్టు, జొన్న పలుకు కనిపించాయి. భయంభయంగా కొరికింది. నీచు లేదు.

గుండెల మీది బరువు దిగిపోయింది. మొగుడి మీద మంట అలాగే ఉంది, ఇంటికి రానీ, ఆయన సంగతి తేల్చాల్సిందే. కానీ ఆయన మనసు తప్పిందే గానీ నోరు తప్పలేదు. మొక్కు నిలిచింది. సుజిత కడుపు చల్లగా ఉంటుంది. పొద్దుటి నుంచీ తానేమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఒకటి పూర్తి చేసి, అడక్కుండానే రెండోది అందుకుంది.

“అబ్బ, ఎంత మెత్తగున్నదే! నాయి కాలంగనే పగులుతయి. అవిసెలు ఎన్ని చెంచాలు వేసినవ్?”

మల్లక్క మొహం వెలిగిపోయింది.

“అవిసెలు నా దగ్గర యాడియక్కా? మొదటి రోజు సంది బర్రె పాల మీగడేసి పిసుకుతున్న!”