రబ్బరు ఉంగరాలు

ఇవాళ ఇంట్లో ఉన్నది నలుగురం. పై గదిలో పడుకున్న ఇంటి యజమానురాలు మామా, ఆమె పక్కన చక్రాల కుర్చీలో వాళ్ళమ్మ, వంటింట్లో చింతపండు నానబెడుతున్న సారమ్మత్త, గేటు దగ్గర ఇసుక ఊడుస్తున్న నేను.

చింతపండు వంజరం పులుసుకి.

శుక్రవారం నాన్న వంజరం తెస్తాడు.

మామా కొడుకు బదర్, నాన్న చీకటితోనే పడవను బండికి తగిలించుకుని వెళ్ళారు. పడవ మెల్లగా పోతుంటే వెనక గాలాలు ఈడ్చుకుంటూ పోవాలి. గాలం ఆగితే చేప నమ్మదంటాడు నాన్న.

ఉప్పాడలో నాన్నకి సొంత పడవ ఉండేది. ఇక్కడ, ఈ అరబ్బు దేశంలో, ఉండనిచ్చే కాగితం ఇఖామాలో ఇంటి డ్రైవర్. డ్రైవర్ని సముద్రం మీదికి తీసుకెళ్ళారని తెలిస్తే వీసా ఇచ్చిన కఫీల్‌కీ చిక్కే, నాన్నకీ చిక్కే.

అందుకే నాకు ఒక మాట నేర్పాడు. యూనిఫాం వేసుకున్నవాళ్ళు ఎవరడిగినా చెప్పడానికి.

“సాయఖ్. బహర్ మాఫీ.”

డ్రైవరు. సముద్రం లేదు.

“ఏదీ, ఇంకోసారి గట్టిగా అను హెలెనూ. నీ మాట నీకైనా ఇనబడాలి కదమ్మా.”

సారమ్మత్త నవ్వేది. “దానికి ఆకలేసినా గుసగుసే దేవానందం. పోలీసోడు ఒంగి చెవి పెట్టాల.”

గురువారం సాయంత్రం బదర్ వంటింటి గుమ్మంలోకి వస్తాడు. నాన్న నేర్పిన తెలుగు మాట ఒకటే అడుగుతాడు.

“రేపు?”

“రేపు,” అంటాడు నాన్న.

ఇద్దరూ నవ్వుకుంటారు.

నిన్న నేను పాత సైకిలు ట్యూబు కోసి నాన్నకి కొత్త ఉంగరాలు చేశాను. చేప లాగినప్పుడు గాలం తాడు వేళ్ళను కోయకుండా. నాలుగు వేళ్ళకీ తొడుక్కుని, “రాజుగారి చెయ్యిలా లేదూ?” అన్నాడు.

మధ్యాహ్నం ధూళి లేచింది. ఆకాశం ఎర్రబడింది. ఉరుములు, నాలుగు చినుకులు, మళ్ళీ ఎండ. వసంతంలో ఇక్కడ ఇంతే.

ఆ ఇసుకే ఊడుస్తుంటే జీపు వచ్చి ఆగింది. కోస్ట్ గార్డు వాళ్ళది.

బదర్ దిగాడు. భుజాల మీద దుప్పటి.

బండినీ పడవనూ నాన్న వెనక తెస్తున్నాడనుకున్నాను.

యూనిఫాం మనిషి నన్నేదో అడిగాడు. డ్రైవర్ అన్న మాట, సముద్రం అన్న మాట అర్థమయ్యాయి.

బదర్ తల దించుకున్నాడు.

నేను గట్టిగా చెప్పాను. ఈ ఇంటికి వచ్చాక అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

“సాయఖ్. బహర్ మాఫీ.”

ఆయన తలూపి, బదర్ భుజం తట్టి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి నాన్నకి చెప్పాలనుకున్నాను.

బదర్ మెట్ల మీద కూలబడ్డాడు. మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు అందుకున్న వేళ్ళకి నల్ల ఉంగరాలు.

నేను చేసినవే. పడవ ఒడ్డెక్కేదాకా నాన్న వాటిని తియ్యడు.

“నాన్న?” అన్నాను.

బదర్ సారమ్మత్తకి అరబిక్‌లో చెప్పాడు.

“గాలం తాడు ఇంజను పంకాకి చుట్టేసిందంట,” అంది సారమ్మత్త. “ధూళిలో పడవ ఆగిపోయిందంట. మీ నాన్న నడుంకి తాడు కట్టుకుని, కత్తి పట్టుకుని నీళ్ళల్లోకి దిగేడంట. తాడు జారకుండా పట్టుకోమని ఈడి వేళ్ళకి ఆ రబ్బర్లు తొడిగేడంట.”

“తాడు?”

బదర్‌కి ఆ మాట కూడా తెలుసు. గ్లాసు పక్కన పెట్టి రెండు చేతులూ తెరిచాడు.

“కోస్ట్ గార్డోళ్ళు ఈణ్ణి చూసి లాక్కొచ్చేరంట. ఒక్కడివేనా అంటే ఊఁ అన్నాడంట. నమ్మకం కుదరక ఇక్కడ నిన్నడిగేరంట.”

“నాన్న ఈదుతాడత్తా. తుపానులో డబ్బా పట్టుకుని రాత్రంతా తేలేడు. ఇంకా ఎండుంది. వాళ్ళని పిలవమను. వెతకమను.”

మామా దిగి వచ్చింది. బదర్ ఏదో చెప్పి పైకి పోయాడు. ఆమె కాళ్ళు పట్టుకున్నాను.

కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. నా తల మీద చెయ్యి కూడా వేసింది.

“ఇంతి గిల్తి మాఫీ,” అంది.

నువ్వే లేదన్నావు.

“ఫోనియ్యత్తా.”

సారమ్మత్త జాకెట్లో ఫోన్ని అరచేత్తో అదిమి పట్టుకుంది. ఏడుస్తోంది. “పాసుపోర్టులో నీకు ఇరవై రెండు. నీ మొహం చూస్తే పదహారని ఎవడైనా చెప్తాడు. ఆళ్ళొస్తే ముందు నిన్నట్టుకుపోతారే. నామాట ఇను. అయినా ఈ సముద్రంలో ఏ మూలని చెప్తావు? మీ నాన్న ఎక్కడ దిగేడో ఆడికే తెల్సు. ఆడి నోటితోనే రావాల.”

మెట్లెక్కాను.

బదర్ మంచం అంచున కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ అతని మోకాళ్ళ మీద పడుతోంది. అప్పటికే పసుపు రంగుకి తిరిగింది.

“బదర్,” అన్నాను. పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

నేర్చుకున్న అరబిక్ ఒక్క ముక్క కూడా రాలేదు.

“చెప్పు బాబూ. ఎక్కడో చెప్పు. వాళ్ళకి చెప్పు. ఇప్పుడే చెప్పు.”

కిటికీ వైపు చెయ్యి చూపించాను. ఎండ వైపు.

అతను ఎండని చూశాడు. అర్థమైంది.

లేచి గుమ్మం దాకా వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. ఉంగరాలు ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టాడు. ఇంకా తడిగానే ఉన్నాయి.

“రేపు,” అన్నాడు, తెలుగులో.

తలుపు వేసుకున్నాడు.