దొరకి ఎండ కావాలి

"బేగి రండి! ఇది సచ్చిపోద్దండి!"

సాయిలక్ష్మి కేక విని గోవింద్ చెప్పులైనా విప్పకుండా వెనక గదిలోకి వచ్చాడు. గాజు తొట్టెలో దొర కదలకుండా పడి ఉన్నాడు. గడ్డం నల్లబడింది. పొద్దున్న వేసిన మునగాకు అలాగే ఉంది.

దొర అంటే మనిషి కాదు, బియర్డెడ్ డ్రాగన్. చూడ్డానికి మన కంచె మీది తొండకి పెద్దన్నయ్యలా ఉంటాడు, గడ్డం కింద ముళ్లు అదనం. గోవింద్ విశాఖపట్నం నుంచి తెచ్చుకున్నాడు. భుజం మీద ఎక్కించుకుని వీడియోలు తీస్తాడు. సిమెంట్ షాపులో కూర్చున్నా ధ్యాసంతా వాడి మీదే.

"బల్బెట్టాను గదా! ఇంకేటి కావాలి?"

"బల్బు ఏడి ఇస్తాది గానీ ఎండ ఇవ్వదండి. గాజులోంచి పడిన ఎండా పని సెయ్యదు. ఎదిగిన జీవం, నాలుగడుగుల సోటైనా ఉండాలి. ఈ తొట్టెలో ఎన్నాళ్లు బతుకుద్ది?"

సాయిలక్ష్మి బీయస్సీలో జువాలజీ చదివింది. గోవింద్ నమ్మక ఫోన్‌లో వెతికాడు. అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది.

"అయితే పెరట్లో ఎడతాను."

"పిల్లులు ఊరుకుంటాయా? ఈ కిటికీలో పెద్ద పెట్టె బిగించండి. ఇటు గాజు తలుపు, సందు వైపు వల. ఊసలుంటే మాత్రం పెట్టె అవతలికి జరగదు, ఎండ తగల్దు."

"కిటికీ జోలికెళ్లకు," అన్నాడు గోవింద్.

సాయిలక్ష్మి అతని కాళ్లు పట్టుకుంది. తొండ కోసం మొగుడి కాళ్లు పట్టుకున్న ఆడది నర్సీపట్నంలో ఇంకొకతె ఉండదు. వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడూ ఏడ్చింది. ఆ మర్నాడు దొర కళ్లు తెరవడమే మానేశాడు. అప్పుడు గోవింద్ కూడా ఏడ్చాడు.

వెల్డింగ్ అప్పలరాజు సందులో నిలబడి ఊచలు కోశాడు.

"దొంగలు దూరిపోతారేమో బాబూ."

"ఇంత పెట్టె అడ్డంగా ఉంటే ఎవడు దూరతాడు?"

పని పూర్తయ్యేదాకా గోవింద్ గది వదల్లేదు. పెట్టెలో ఒక కొసన బల్బు, రెండో కొసన నీడ, మధ్యలో ఎక్కడానికి జీడిమామిడి కొమ్మ. కింద ఇసక వద్దంది సాయిలక్ష్మి. పలకలు పరిచారు. కడగడానికి వీలుగా వలకి గడియ ఉండాలంది. అదీ పెట్టించాడు.

మర్నాడు పొద్దున్నే వలలోంచి ఎండ పడింది. దొర మెల్లగా కొమ్మెక్కి పొట్ట పరుచుకున్నాడు. గడ్డం నలుపు తగ్గింది. ఒక మునగ రెబ్బ తిన్నాడు.

"నీ సదువు పనికొచ్చిందే!" అన్నాడు గోవింద్ మురిసిపోతూ.

"నాకు ప్రాణం లేచొచ్చిందండి," అంది సాయిలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ.

గోవింద్ వీడియో తీసుకుని షాపుకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నం పళ్లెంతో వచ్చి, పెళ్లయిన నాటినుంచీ వెనక గదికి బయట వేస్తున్న తాళం తీసి చూసేసరికి, లోపల దొర ఒక్కడే ఉన్నాడు.