అమ్మమ్మ వేసిన నాలుగు మార్కులు

"అందరికీ తొమ్మిదేసి మార్కులిచ్చి, నాకు నాలుగా?" వేదిక దిగుతూనే మనవరాలు నిలదీసింది.

కవితల పోటీకి ప్రేక్షకుల్లోంచే చీటీ తీసి జడ్జీలను ఎంచారు. ఒక చీటీ అమ్మమ్మకు తగిలి, మార్కుల అంకెలేసిన అట్టలు చేతికొచ్చాయి.

"నీ మీదే కదా అమ్మమ్మా రాశాను."

"నా మీదా? ఓర్పుకు మారుపేరు, నోరెత్తని దేవత అన్నావు. ఎవరే ఆవిడ? పొద్దున దువ్వెన కనపడక ఇల్లు పీకి పందిరేసింది నేనేగా."

మనవరాలు చేతిలో కాగితం మళ్ళీ చూసుకుంది. తను రాసిన ఆవిడ వాళ్ళింట్లో ఎప్పుడూ లేదు.

మిగతా జడ్జీల మార్కులతో గట్టెక్కడంతో ఆఖరి రౌండుకు పిలుపొచ్చింది. ఇందులో పోతే ఇంటికే. కాగితం అమ్మమ్మ ఒళ్ళో పడేసి మైకు అందుకుంది.

"మా అమ్మమ్మ దువ్వెన పోతే
ఇంటిల్లిపాదీ దొంగలమే.
చివరికది దొరికేది
ఆవిడ కొప్పులోనే."

హాలంతా గొల్లున నవ్వింది. అమ్మమ్మ ఒక చేత్తో కొప్పు తడుముకుంటూ, రెండో చేత్తో పదంకె అట్ట వెతుకుతోంది.