పద్నాలుగో నంబరు జెర్సీ

ఇలా దగ్గరికి జరిగి కూర్చో. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు.

"ఏమే ఎనిమిదో నంబరూ, ఇవాళ బోర్లా పడ్డావు కదూ?" అంది పిన్ని, జెర్సీని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని.

"అయ్యో, మీకెవరు చెప్పారు పిన్నీ?"

"నీ జెర్సీయే చెప్పింది. పొట్ట మీద ఇంత దుమ్ము, వీపు మీద ఇసుమంత లేదు. మోకాలికి మందు రాసుకో, ఫో."

పిన్ని అంటే ఆ ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో బట్టలుతికే మనిషి. లాండ్రీ గదికి అవతలి గోడే ఆటల హాలు. ఇరవై రెండేళ్ళుగా బాస్కెట్‌బాల్ జట్టు జెర్సీలన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్ళాయి. మెషిన్లో వేస్తే నంబర్లు ఊడిపోతాయని ఒక్కొక్కటీ చేత్తోనే ఉతికేది. జట్టంటే అంత ప్రాణం పెట్టుకున్న మనిషి ఒక్క ఆటైనా చూసిందా అంటే, లేదు. సరిగ్గా ఆట మొదలయ్యే వేళకే హాస్టల్ దుప్పట్లన్నీ గుట్టగా వచ్చి పడేవి. గోడకి చెవి ఒగ్గి, ఈల ఎన్నిసార్లు మోగిందో, బూట్లు ఎటు కీచుమన్నాయో వింటూ దుప్పట్లు మడత పెట్టేది. ఆట అయ్యాక జెర్సీలు చూసి మిగతాది తెలుసుకునేది. తడిసిన జెర్సీ ఇచ్చిన పిల్ల భుజం తట్టేది. పొడి జెర్సీ ఇచ్చిన పిల్లని చూస్తే మాత్రం ఆవిడ మొహం చిన్నబోయేది, ఆ పిల్ల తన కడుపున పుట్టినట్టు.

ఆ చిన్నబోయిన మొహమే పిట్ట కొంప ముంచింది.

పిట్ట అంటే పద్నాలుగో నంబరు. అందరూ నిచ్చెనల్లా ఉండే జట్టులో మనిషి ఇంతే ఉంటుంది, అందుకని ఆ పేరు. జట్టులో చేరాక మొదటి ఆటనాడు బెంచీ మీంచి లేవనే లేదు. పొడి జెర్సీ తెచ్చిస్తే పిన్ని, "ఆడనివ్వలేదా తల్లీ?" అని అడిగిన తీరుకి పిట్టకి ఏడుపు తన్నుకొచ్చింది. తన బాధ కన్నా ఆవిడ బాధే చూడలేకపోయింది. రెండో ఆటకీ బెంచీయే. కానీ పిట్ట జెర్సీ మాత్రం మెడా వీపూ తడిసి ముద్దయి వచ్చింది.

"ఆడావే! ఎంతసేపు?" పిన్ని కళ్ళు ఇంతింతయ్యాయి.

"పావుగంట పిన్నీ. రెండు బాస్కెట్లు కూడా వేశాను."

"నా తల్లే! నా బంగారమే!"

ఇంకేముంది, అది మొదలు. మూడేళ్ళూ పిట్ట ప్రతి ఆట తర్వాతా చేతులు కడుక్కునే కుళాయి దగ్గర జెర్సీ తడుపుకుంటూనే ఉంది, లేని బాస్కెట్లు వేస్తూనే ఉంది.

ఒకనాడు కెప్టెన్ పట్టేసుకుంది. "నీకు సిగ్గుందా? పెద్దావిడని మోసం చేస్తావా?"

"మోసం కాదక్కా. ఆవిడ ఎంత సంతోషపడుతుందో నువ్వు చూడలేదు."

కెప్టెన్ గుర్రుగా చూసింది. "మరి వీపు మధ్యలో వదిలేశావేం? చెమట పట్టేది అక్కడేగా!" అంటూ తనే ఇన్ని నీళ్ళు చల్లింది.

చివరి ఏడాది జట్టు ఫైనల్‌కి చేరింది. ఆట సొంత హాల్లోనే. హాస్టల్ వార్డెన్ లాండ్రీకి వచ్చి, "ఇరవై రెండేళ్ళయింది, ఇప్పుడైనా చూడండి. దుప్పట్లు రేపు చూసుకోవచ్చు. ముందు వరసలో మీకు కుర్చీ వేయించాను" అంది.

జెర్సీ ఇవ్వడానికి వచ్చిన పిట్ట ఆ మాట వింది. ఆవిడ ముందు వరసలో కూర్చుని, తను బెంచీ మీద కూర్చోవడం కళ్ళారా చూస్తుంది. మూడేళ్ళ పావుగంటలన్నీ ఒక్క సాయంత్రంలో అబద్ధమైపోతాయి. కోచ్ మేడమ్ దగ్గరికి పరిగెత్తింది.

"ఒక్క నిమిషం ఆటలోకి దింపండి మేడమ్. ఒక్కటే!"

"ఎందుకు?"

"ఊరికే మేడమ్... ఈ ఒక్కసారికి."

"జాలిపడి ఎవర్నీ దింపను. అవసరం పడితే దింపుతాను. వెళ్ళి ప్రాక్టీస్ చెయ్యి."

ఆట రోజు పొద్దున్నే, నిజం చెప్పేద్దామని లాండ్రీకి వెళ్ళింది. నోరు తెరిచేలోపే పిన్ని నడుం పట్టుకుని మూలిగింది.

"పట్టేసిందే పిట్టా. కుర్చీలో గంటన్నర కూర్చోవడం నావల్ల కాదు. ఇక్కడే నిలబడి గోడకి చెవి పెట్టుకుంటాలే. నువ్వెలాగూ వచ్చి చెప్తావుగా!"

పిట్ట బయటికొచ్చి ఊపిరి పీల్చుకుంది. ఒకరి నడుంనొప్పికి అంత సంబరపడినందుకు తనని తనే తిట్టుకుంది.

ఆ సాయంత్రం ఆట ఇంకో నాలుగు నిమిషాలుందనగా ఎనిమిదో నంబరు ఐదు ఫౌళ్ళు చేసి ఆటలోంచి బయటికొచ్చేసింది. ఆ వెంటనే కెప్టెన్ చీలమండ మడత పడింది. కోచ్ బెంచీ ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది.

"పద్నాలుగూ, దిగు."

పిట్ట ఒక్క బాస్కెట్ కూడా వెయ్యలేదు. అవతలి జట్టులో అందరికన్నా పొడుగు పిల్లని మాత్రం నీడలా అంటిపెట్టుకుని, ఊపిరాడనివ్వకుండా తిప్పింది. అయినా ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

లాండ్రీకి అందరి కన్నా ఆఖరున వచ్చింది పిట్ట. ఆ రోజు కుళాయి దగ్గర ఆగలేదు.

"ఓడిపోయాం పిన్నీ."

"విన్నానే. నువ్వు ఆడావా?"

"నాలుగు నిమిషాలు. అంతే. ఒక్క బాస్కెట్ కూడా లేదు."

"నాలుగు నిమిషాలా!" పిన్ని రెండు చేతులతో పిట్ట మొహం పట్టుకుంది. కళ్ళనీళ్ళు బొటబొటా కారుతున్నాయి. ఇన్నాళ్ళూ పావుగంటలు విన్న మనిషి నాలుగు నిమిషాలకి ఇంత పొంగిపోవడమేమిటో పిట్టకి అంతుపట్టలేదు.

"పిన్నీ, ఇన్నాళ్ళూ నేను..."

"కబుర్లు తర్వాత. ముందు ఆ జెర్సీ ఇటు పారెయ్."

ఇది గుర్తు పెట్టుకో. రేపు నువ్వెవరికైనా చెప్పేటప్పుడు మధ్యలో ఏది మరిచిపోయినా ఫరవాలేదు, ఈ చివరి ముక్క మాత్రం మింగెయ్యకు.

మూడేళ్ళలో మొదటిసారి, పిన్ని ఆ జెర్సీకి సబ్బు పెట్టింది.