మూడు మార్పులు

మధ్యాహ్నానికి ఆ బొమ్మను పదకొండోసారి ఎవరో పీకేశారు.

అది ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఒక పాత గురువుగారి పేజీలో ఉన్న ఆయన చిత్రం. ఆయన ముఖం చూడటం భక్తులకు నిషిద్ధం. బొమ్మ ఉండాలా, పోవాలా అన్నది సాయంత్రం ఆరింటికి ఓట్లతో తేలాలి. సరిసమానంగా వస్తే పోవాలని నిబంధన.

పేజీకి కాపలా ఉన్న సంపాదకురాలు వంటింటి బల్ల మీదే లాప్‌టాప్ తెరిచింది. పొయ్యి మీద కూర మాడింది. ఫోన్‌కి బెదిరింపు వచ్చింది.

'మీ వీధి మాకు తెలుసు.'

"చెత్తబండి వాడికే తెలియదు పాపం," అంది అత్తగారు. అంటూనే వెళ్లి తలుపు గడియ చూసొచ్చింది. రెండుసార్లు.

తోటి సంపాదకుడు లెక్కల మాస్టారు ఫోన్ చేశాడు.

"ఓట్లెన్ని అక్కా?"

"ఉంచమన్నవాళ్లు తొమ్మిది, తీయమన్నవాళ్లు ఎనిమిది. ఊపిరి బిగబట్టి కూర్చున్నా."

"ఆ 'గడ్డిపోచ' అనే పేరుతో రాసేవాడెవడు?"

"భక్తుడే. 'అమ్మా, ఆ ముఖం చూడటం మాకు పాపం, కాస్త కిందికి జరపండి' అని చర్చలో రాశాడు."

"పొద్దున్నించి పేజీలో మూడుసార్లు చెయ్యి పెట్టాడు. గొడవ నడిచే పేజీలో రోజుకి మూడైతే వేటే కదా! ఇంకా ఓటెయ్యలేదు, వేటు పడితే ఇక వెయ్యలేడు, పీడా పోతుంది."

"ఏం మార్చాడో చూడొద్దూ?"

"పేజీలో అందరివీ కలిపి రెండొందల మార్పులున్నాయి. ఏం చేసుంటాడక్కా, బొమ్మకి దండేశాడా?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మీట నొక్కేసింది. గడ్డిపోచకి వారం రోజులు ప్రవేశం లేదు.

ఆరుకి రెండు నిమిషాల ముందు అవతలివాళ్లకి ఇంకో ఓటు పడింది.

తొమ్మిది, తొమ్మిది.

బొమ్మ పోయింది. బెదిరింపులూ ఆగాయి. ఇల్లు చుట్టాలు వెళ్లిపోయినట్టు నిశ్శబ్దమైంది.

"పోనీలేవే, అన్నం తిను," అంది అత్తగారు.

"ఉండండత్తయ్యా. వేటు వేశాక కారణం రాయాలి."

కారణం కోసం అప్పుడు మార్పుల చిట్టా తెరిచింది. గడ్డిపోచ పేరు మీద మూడే మూడు వరుసలు.

మొదటిది: పీకేసిన బొమ్మను తిరిగి పెట్టడమైనది.

రెండోది: తిరిగి పెట్టడమైనది.

మూడోదాని పక్కన చిన్న గమనిక ఉంది: 'నలుగురూ చదువుకునే చోటు, తీసే హక్కు మాకు లేదు, కళ్లు మూసుకుని పెట్టానమ్మా, వంకరగా వస్తే కాస్త సర్దండి.'