నీలం లారీ

"పెద్దాయనా, బండి వెనక ఆ తాడేంటండీ? దూడని తోలుకొస్తున్నారా?"

వాకీటాకీలో రెండో బండి పెద్దమనిషి గొంతు. వెనక బండ్లలో నవ్వులు.

పెద్దాయన నోట మాట రావాలంటే ముహూర్తం చూడాలి. వంపు దగ్గర జీపు ఆపి దిగాడు. వెనక చక్రం కింద చెక్కదిమ్మ తోశాడు. దిమ్మకి తాడు. తాడు రెండో కొస బంపరుకి గట్టి ముడి.

కొండల్లో నాలుగు రోజుల జీపుయాత్ర అది. వెనక మూడు జీపులూ వచ్చినవాళ్ళే నడుపుకుంటారు. ముందు బండి దారి చూపిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ముందు బండి పెద్దాయనదే.

బయల్దేరే ముందు ఆయన చెప్పింది నాలుగే మాటలు. ఏటవాలులో ఆగితే చక్రానికి అడ్డు పెట్టాలి. కదిలేటప్పుడు తియ్యాలి. తీసి, "తీశాను" అని వాకీటాకీలో పైకి అనాలి. ఆ మాట వినపడందే వెనక బండి కదలకూడదు.

రెండో బండి పెద్దమనిషి దిగి ఒళ్ళు విరుచుకున్నాడు.

"పొద్దుట్నుంచి ఇది ఏడోసారి, తీశాను తీశాను అని. ఇన్ని రాళ్ళున్న కొండలో ఒక్క రాయి మర్చిపోతే కొండకేమైనా బరువా?"

"ఒక్క రాయికే మా ఆయన పోయాడండీ," అంది జీపులోంచి పెద్దాయన కోడలు. యాత్రకి వంట ఆమెదే. ఒళ్ళో గిన్నెల మూట.

పెద్దమనిషి చేతులు కిందికి దిగాయి.

"ఈ వంపులోనే. మూడేళ్ళ కింద, చలికాలం మంచుకి మూసిన దారి తెరిచిన మొదటి రోజు. కళ్ళు పొడుచుకున్నా కానరాని పొగమంచు. మామయ్య బండి ముందు, మా ఆయన బండి వెనక. వీళ్ళకంటే ముందు నీలం లారీ ఒకటి వెళ్ళిందిట. వాడు ఇక్కడ ఆగి, చక్రం కింద రాయి పెట్టి, పోయేటప్పుడు తియ్యలేదు. మామయ్య బండికి తప్పింది. మా ఆయన చక్రం ఎక్కింది." ఆమె లోయకేసి చూడలేదు. "ఇంక అంతే."

"క్షమించమ్మా. తెలీక వాగాను. దొరికాడా వాడు?"

"ఎక్కడికి పోతాడు? ఈ కొండకి ఒకటే దారి."

పెద్దాయన వంగి ముడి సరిచూస్తున్నాడు. బిగిసిన ముడినే మళ్ళీ బిగిస్తున్నాడు.

పైనుంచి హారన్ మోగింది. వంపు తిరిగి లారీ వచ్చింది. నీలం రంగు.

కోడలు మూట పక్కన పెట్టి దూకింది. దారికి అడ్డంగా నిలబడి చెయ్యెత్తింది. డ్రైవరు బ్రేకు తొక్కి తల బయట పెట్టాడు.

"చావాలనుందా అమ్మా?"

"మూడేళ్ళ కింద ఈ దారిలో తిరిగావా?"

"మూడేళ్ళ కింద నాకు స్టీరింగే తెలీదు. తప్పుకో."

ఆమె వెనక్కి తిరిగింది. "మామయ్యా! ఇదేనా?"

"కాదమ్మా."

"సరిగ్గా చూడండి. రంగు ఇలాగే ఉండేదన్నారు కదా?"

"కాదు. పోనీ అతన్ని."

లారీ వెళ్ళిపోయింది. ఆమె దాని వెనక భాగం కూడా కనుమరుగయ్యేదాకా చూసింది. తరవాత వచ్చి పెద్దాయన పక్కన బండరాయి మీద కూర్చుంది.

"మీరు గుర్తుపట్టినా చెప్పరు. నాకు తెలుసు. పెళ్ళాంబిడ్డలున్నవాడు, వాడి కొంప కూలుతుందని మీ బాధ. మీకు జాలెక్కువ మామయ్యా."

పెద్దాయన అరచేతులు చూసుకున్నాడు.

"అన్నయ్య మళ్ళీ కబురు పెట్టాడు," అంది. "వాళ్ళ ఊరి స్కూల్లో వంటపనిట. ఉండటానికి గది కూడా ఇస్తారుట. ఎల్లుండికల్లా చేరకపోతే ఇంకెవరినో పెట్టుకుంటారు."

"వెళ్ళమ్మా."

"వాడెవడో తెలియకుండానా?"

"తెలిసి ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. ఒక్కసారి మొహం చూసి, ఎందుకు తియ్యలేదురా అని అడుగుతాను. అంతే. అడిగిన మర్నాడే దిగిపోతాను. అడక్కుండా దిగితే నాకు అక్కడా నిద్ర పట్టదు."

"ఆ లారీ మాట మర్చిపో తల్లీ. నీకింకా చాలా బతుకుంది."

"మీరు మర్చిపోయారా?"

ఆయన నోరు తెరిచాడు. ఆమె ఆయన మొహంలోకే చూస్తోంది.

"మబ్బు దిగుతోంది," అన్నాడు. "ఎక్కు."

ఈ కొండ మొత్తానికి ఫోను పలికేది ఆ వంపులోనే. ఆమె ఎక్కే ముందు అన్నకి చేసింది.

"నేను రాలేనన్నయ్యా. ఆ పనిలో ఇంకెవరినైనా పెట్టుకోమను. ఈ ఏడు కూడా చూస్తాను... లేదు, మామయ్య ఏమీ ఆపలేదు. పాపం ఆయనే వెళ్ళమంటున్నారు."

ఫోను కొంగున కట్టుకుని సీట్లో కూర్చుంది. ఎదురుగా వచ్చే బండ్లు బాగా కనపడాలని ముందు అద్దం తుడిచింది.

రెండో బండి పెద్దమనిషి పెద్దాయన దగ్గరికొచ్చాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"ఒక్కటడుగుతాను. ఇంత జాగ్రత్త ఉన్న మనిషికి తాడెందుకండీ? మీరు మర్చిపోయే రకం కాదు కదా?"

పెద్దాయన దిమ్మ లాగాడు. తాడు రెండుసార్లు గుంజి చూసి జీపులో పడేశాడు. చక్రం కింద నేలంతా చేత్తో తడిమాడు. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"తీశాను."

మూడేళ్ళ కిందటి ఆ పొద్దున, ఆయన బండి ముందు, రాత్రి కురిసి పరుచుకున్న కొత్త మంచు మీద, లారీది కాదు కదా, సైకిలుది కూడా చక్రం గుర్తు లేదు.